గోలలో గొంతు గుర్తుపట్టడం
స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం



సంఘం వాళ్లు ఫోన్ చేసి, "నువ్వు ఫిజిక్స్ చెప్పి రిటైరైనోడివి కదా, ఆకాశం గురించి ఏమన్నా చెప్పు. కానీ మాకు అర్థం కావాలె" అన్నారు. ఆ రెండో మాటతోనే నాకు కష్టమొచ్చింది. ఏం చెప్పాలా అని రెండు వారాలు ఆలోచించి, చివరికి కురుమూర్తి జాతర దగ్గర మొదలుపెడదామనుకున్నాను. స్వామివారి ఆభరణాలు మన ఆత్మకూర్ నుంచే పోతాయి కాబట్టి ఆ జాతర గురించి మీకు నేను చెప్పేదేమీ లేదు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, ఉద్దాల రోజున, మా తమ్ముడు జాతరలో తప్పిపోయాడు. వాడికి ఐదేళ్లు. మా అమ్మ గాజుల దుకాణాల దగ్గర నిలబడింది. మా మేనమామ ఎడ్లబండ్లు విడిచిన చోటికి పోయాడు. డప్పులు, బూరలు, మిఠాయి అంగళ్ల అరుపులు, ఏడ్చే పిల్లలు. అమ్మకు ప్రతి ఏడుపూ మావాడిదిలాగే వినబడింది. ఒక దిక్కు ఉరికింది, వాడు కాదు. ఇంకో దిక్కు ఉరికింది, అక్కడా వాడు కాదు. మామ వచ్చి, "అక్కా, ఉరకొద్దు. నీకు యాడికెల్లి ఇనొచ్చింది, ఎప్పుడు ఇనొచ్చింది, అది చెప్పు" అన్నాడు. ఆమె నాలుగైదు చెప్పింది. మామ తాను విన్నవి చెప్పాడు. చాలావరకు కలవలేదు. ఒక్కటి మాత్రం కలిసింది. ఇద్దరికీ, ఇంచుమించు ఒకే సమయంలో, మెట్ల దిక్కు నుంచి. పోయి చూస్తే మావాడు మెట్ల పక్కన ఒక ముసలమ్మ దగ్గర చెరుకు ముక్క నములుతూ కూర్చున్నాడు. ఇప్పుడు ఈ సభలో మూడో వరుసలో ఉన్నాడు, నా వైపు కోపంగా చూస్తున్నాడు.

మా మామ చేసిన పనినే ఖగోళ శాస్త్రంలో క్రాస్ కోరిలేషన్ అంటారు. ఇద్దరు వేర్వేరు చోట్ల వింటారు. ఇద్దరి చెవుల్లోనూ గోలే ఎక్కువ. అయితే అమ్మ చెవిలోని గోల వేరు, మామ చెవిలోని గోల వేరు. ఇద్దరి దగ్గరా ఒకటిగా ఉన్నది పిల్లవాడి గొంతు ఒక్కటే. ఒకరి జాబితా పక్కన ఇంకొకరిది పెట్టి చూస్తే, గోల గోలతో కలవదు, గొంతు గొంతుతో కలుస్తుంది.

మాటల్లో ఇది తేలికే. లెక్కలో చూపిస్తేనే దీని బలం తెలుస్తుంది. అందుకే ఈ ఉదయం తొమ్మిదో తరగతి పిల్లలు ఇద్దరితో నాణేలు ఎగరేయించాను. బొమ్మ పడితే ప్లస్ ఒకటి, బొరుసు పడితే మైనస్ ఒకటి. ఒక్కొక్కరు వందసార్లు ఎగరేసి రాసుకున్నారు. తర్వాత మొదటివాడి మొదటి అంకెను రెండోవాడి మొదటి అంకెతో, రెండో అంకెను రెండో అంకెతో, అలా వందా గుణించి కూడాం. ఇద్దరికీ ఒకే వైపు పడితే ప్లస్, వేరు వేరు పడితే మైనస్. 54 సార్లు కలిశాయి, 46 సార్లు కలవలేదు. మొత్తం ప్లస్ ఎనిమిది. ఒకరితో ఒకరికి సంబంధం లేని రెండు నాణేలకు ఈ మొత్తం సున్నాకు దగ్గరగానే ఉంటుంది. ఎంత దగ్గరగా అంటే, వంద ఎగరవేతలకు అటూ ఇటూ పది దాకా. వందకు వర్గమూలం పది కదా, అదే.

ఇప్పుడు మూడోవాడొకడు ఉన్నాడనుకోండి. వాడు వందలో ఒక్కసారి వచ్చి, ఇద్దరి నాణేలనూ ఒకే వైపు తిప్పి పోతాడు. వాడి పని వల్ల మొత్తంలో చేరేది వందకు ఒకటి. గోల వల్ల వచ్చే ఊగులాట పది. వాడు కనబడడు. పదివేలసార్లు ఎగరేస్తే వాడి వాటా వంద, గోల కూడా వంద. ఇంకా అనుమానమే. పది లక్షలసార్లు ఎగరేస్తే వాడి వాటా పదివేలు, గోల వెయ్యి. దొంగ దొరికాడు! గొంతు ఎగరవేతల లెక్కన పెరుగుతుంది, గోల వాటి వర్గమూలం లెక్కన మాత్రమే పెరుగుతుంది. గొంతు ఎంత చిన్నదైనా ఓపిక ఉంటే దొరుకుతుంది. నిమిషానికి పది చొప్పున రాత్రీ పగలూ ఎగరేసినా పది లక్షలకు దాదాపు 70 రోజులు పడుతుందని పిల్లలు లెక్కగట్టి నాతో చెప్పారు. ఆ చెప్పిన తీరు చూస్తే నన్నే ఎగరేసుకోమన్నట్టుంది.

పుణె దగ్గర నారాయణగావ్ పక్కన ఖోడద్ అనే ఊళ్లో జీఎంఆర్‌టీ అని ఒక పెద్ద రేడియో టెలిస్కోపు ఉంది. గోవింద్ స్వరూప్ గారి నాయకత్వంలో కట్టింది. ఒక్కొక్కటి 45 మీటర్ల వెడల్పున్న 30 యాంటెనాలు, ఇంగ్లీషు వై అక్షరం ఆకారంలో దాదాపు 25 కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంటాయి. ముప్పైమందిలో ఇద్దరిద్దరిని జత కడితే ఎన్ని జతలు? పదో తరగతి పిల్లలు చెప్పాలి. 435. ప్రతి జత సంకేతాలనూ గుణించి కూడే యంత్రం అక్కడ ఉంది, దాన్ని కోరిలేటర్ అంటారు. అంటే ఆ టెలిస్కోపు పనే ఇది. ఒక్కో యాంటెనా విడిగా వినేది చాలావరకు గోలే.

మన పక్కనే జరిగిన పెద్ద విషయం చెప్పబోయే ముందు, ఈ పద్ధతిలో మనిషి ఎలా బోల్తా పడతాడో చెప్పాలి. అది చెప్పకపోతే నేను మీకు సగమే చెప్పినట్టు.

అమెరికాలో జోసెఫ్ వెబర్ అనే శాస్త్రవేత్త ఉండేవారు. గురుత్వ తరంగాలను, అంటే బరువైన వస్తువులు కదిలినప్పుడు స్థలంలోనే పుట్టే అలలను, పట్టుకోవాలని పెద్ద పెద్ద అల్యూమినియం దిమ్మెలు తయారుచేశారు. ఒకటి మేరీలాండ్‌లో, ఇంకొకటి సుమారు వెయ్యి కిలోమీటర్ల దూరంలో షికాగో దగ్గర ఆర్గాన్‌లో. రెండూ ఒకేసారి కంపిస్తే అది భూమి మీది గోల కాదు, ఆకాశం నుంచి వచ్చిందే. ఆలోచన బంగారంలాంటిది. 1969లో దొరికాయని ప్రకటించారు. ప్రపంచమంతా ఉలిక్కిపడింది. ఇతరులు కట్టుకున్న దిమ్మెలకు మాత్రం ఏమీ వినబడలేదు. తర్వాత ఆయన రోచెస్టర్‌లోని మరో బృందం రికార్డులతో తన రికార్డులు పోల్చి, కలుస్తున్నాయని చెప్పారు. తీరా చూస్తే రెండు రికార్డుల గడియారాలు వేరు. ఒకటి గ్రీనిచ్ సమయం, ఇంకొకటి అమెరికా స్థానిక సమయం. నాలుగు గంటల తేడా! ఒకేసారి జరిగాయనుకున్నవి నాలుగు గంటల తేడాతో జరిగినవి. అసలు కలవడానికి వీల్లేని చోట కూడా ఆయనకు కలిశాయి. కావాలని వెతికితే గోలలో కూడా గొంతు దొరుకుతుంది.

నేను ఆయనను ఎగతాళి చేయడం లేదు. ఆ రంగానికి దారి వేసింది ఆయనే. పైగా నేనూ అదే గోతిలో పడ్డవాణ్ణి. చదువుకునే రోజుల్లో ఒక ప్రయోగశాలలో రెండు రేడియో రిసీవర్లు బల్ల మీద పెట్టి, వాటి సంకేతాలు గుణించి కూడుతున్నాను. ఎగరవేతలు పెరిగేకొద్దీ మొత్తం చక్కగా పెరుగుతూ పోయింది. రెండు రాత్రులు నిద్రపోలేదు. గైడు గారి దగ్గరికి ఉరికాను. ఆయన గ్రాఫు చూశారు, రిసీవర్లు చూశారు, బల్ల కింద చూశారు. రెండింటి తీగలూ ఒకే ప్లగ్గులో ఉన్నాయి. కరెంటులోని 50 హెర్ట్జ్ రొద రెండింట్లోకీ సమానంగా పోతోంది, నేను దాన్నే ఆకాశం అనుకున్నాను. "ఒకే ఇంట్లో తిని వచ్చిన ఇద్దరు సాక్షుల మాట పంచాయితీలో చెల్లుతదా?" అన్నారాయన. నలభై ఏళ్లు పాఠాలు చెప్పాను, అంత బాగా ఎవరికీ చెప్పలేకపోయాను.

వెబర్ తర్వాతి తరం ఈ పాఠం గట్టిగా నేర్చుకుంది. 2015 సెప్టెంబరు 14న అమెరికాలోని లైగో యంత్రాలు రెండూ ఒకే అలను విన్నాయి. వాటి మధ్య 3,000 కిలోమీటర్ల దూరం. లివింగ్‌స్టన్‌లో ముందు, 7 మిల్లీసెకన్ల తర్వాత హాన్‌ఫర్డ్‌లో. ఆ దూరాన్ని దాటడానికి కాంతికి పట్టేది 10 మిల్లీసెకన్లు కాబట్టి 7 కుదురుతుంది. వాళ్లు అక్కడితో ఆగలేదు. ఒక యంత్రం రికార్డును కావాలనే ముందుకూ వెనక్కూ జరిపి మళ్లీ మళ్లీ పోల్చారు. జరిపిన తర్వాత కలిసేవన్నీ అబద్ధపు కలయికలే. వాటిని లెక్కపెడితే, అంత బలమైన కలయిక కాకతాళీయంగా రావడం 2,03,000 ఏళ్లకు ఒక్కసారి కంటే తక్కువని తేలింది. వెబర్ పొరపాటున చేసిన నాలుగు గంటల జరుపుడును వీళ్లు పరీక్షగా మార్చుకున్నారు. మనకు పెద్ద దూరం కాని హింగోలి జిల్లాలో, మహారాష్ట్రలో, లైగో ఇండియా కట్టడానికి 2023లో కేంద్రం ఆమోదం తెలిపింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. 2023 జూన్ 29న ప్రపంచంలోని కొన్ని బృందాలు ఒకేరోజు ఒక ప్రకటన చేశాయి. అందులో యూరప్ బృందంతో కలిసి పనిచేసింది మన భారత బృందం, ఇండియన్ పల్సార్ టైమింగ్ అరే. వాళ్ల చెవి ఇందాక చెప్పిన జీఎంఆర్‌టీ. ఆ బృందంలో సంగారెడ్డి దగ్గర కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాద్ అధ్యాపకులు, విద్యార్థులు ఉన్నారు. మన పేపర్లలో ఒక మూలన చిన్న వార్తగా వచ్చి పోయింది. అది నాకు ఇప్పటికీ బాధే. అందుకే ఇవాళ ఇంకేదో చెప్పకుండా ఇది చెబుతున్నాను.

పల్సార్ అంటే చచ్చిపోయిన నక్షత్రం బొండు. సూర్యుడికన్నా ఎక్కువ బరువున్న పదార్థం, ఆత్మకూర్ నుంచి వనపర్తి దాకా ఉన్న దూరంలో ఇమిడిపోయేంత చిన్న గోళంలోకి కుక్కుకుని ఉంటుంది. అది గిర్రున తిరుగుతూ, దీపస్తంభంలా రేడియో కిరణాన్ని తిప్పుతుంది. వాళ్లు చూసే వాటిలో ఒకటి సెకనుకు 339 సార్లు తిరుగుతుంది. టిక్కు టిక్కుకూ తేడా లేదు. తర్వాతి నెలలో ఫలానా క్షణాన టిక్కు రావాలని ముందే లెక్కగట్టి, వచ్చిన క్షణంతో పోల్చవచ్చు.

ఆకాశంలో ఎక్కడో రెండు మహా కృష్ణబిలాలు, ఒక్కొక్కటి కోట్ల సూర్యుల బరువున్నవి, ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతుంటాయి. ఇలాంటి జంటలు విశ్వమంతా ఉంటే, వాటి గురుత్వ తరంగాలన్నీ కలిసి ఒక హోరుగా మన మీదుగా పోతుంటాయి. ఒక్కో అల పూర్తిగా దాటిపోవడానికి ఏళ్లు పడుతుంది. ఆ అల దాటుతుంటే పల్సార్ టిక్కు సెకనులో కోటో వంతు అంత ముందుగానో ఆలస్యంగానో వస్తుంది. అంత సమయంలో కాంతి పోయే దూరం 30 మీటర్లు, మన బడి వరండా అంత. పల్సార్లు ఉన్నదేమో వందల, వేల కాంతి సంవత్సరాల దూరంలో.

ఒక్క పల్సార్‌ను చూసి ఏమీ చెప్పలేం. టిక్కు ఆలస్యమైందంటే అది అలే కానక్కర్లేదు. దారిలోని ఎలక్ట్రాన్లు కావచ్చు, మన గడియారం తప్పు కావచ్చు. ఎలక్ట్రాన్ల సంగతి మన జీఎంఆర్‌టీ చూసుకుంటుంది. ఎలక్ట్రాన్ల గుంపులోంచి వచ్చేటప్పుడు తక్కువ ఫ్రీక్వెన్సీ అలలు ఎక్కువ వెనకబడతాయి. జీఎంఆర్‌టీ తక్కువ, ఎక్కువ ఫ్రీక్వెన్సీలు రెండింటినీ ఒకేసారి వింటుంది కాబట్టి ఆ వెనకబాటును కొలిచి తీసేయవచ్చు. ప్రపంచ బృందాలకు మనవాళ్లు తెచ్చి ఇచ్చిన బలం ముఖ్యంగా ఇది.

గడియారం తప్పు దగ్గర మళ్లీ నా ప్లగ్గు కథే. పల్సార్లన్నిటినీ ఒకే గడియారంతో కొలుస్తాం. అది తప్పితే అన్నీ కలిసి తప్పుతాయి. జతలన్నీ బ్రహ్మాండంగా కలుస్తాయి, అంతా అబద్ధం. దీనికి విరుగుడు 1983లో హెలింగ్స్, డౌన్స్ అనే ఇద్దరు చెప్పారు. మన అమరచింత నేతగాళ్లకు ఇది చప్పున తెలుస్తుంది. గుడ్డను పొడుగ్గా లాగితే అడ్డంగా సన్నబడుతుంది కదా. గురుత్వ తరంగం స్థలాన్ని అలాగే ఒక దిక్కున సాగదీసి, దానికి అడ్డదిక్కున కుదిస్తుంది. కాబట్టి ఆకాశంలో పక్కపక్కన ఉన్న రెండు పల్సార్లు కలిసి ఆలస్యమవుతాయి. ఇంచుమించు లంబకోణంలో ఉన్నవి ఒకదానికొకటి ఎదురు తిరుగుతాయి. పూర్తిగా ఎదురెదురు దిక్కుల్లో ఉన్నవి మళ్లీ కొంత కలుస్తాయి. కోణాన్ని బట్టి కలయిక ఎంత ఉండాలో వాళ్లు ఒక వంపు గీత గీసి పెట్టారు. గడియారం తప్పుకు ఈ వంపు ఉండదు. అన్ని కోణాల్లోనూ ఒకేలా ఉంటుంది. భూమి సూర్యుడి చుట్టూ ఉన్న చోటును తప్పుగా లెక్కగడితే వచ్చే కలయికకు ఇంకో ఆకారం ఉంటుంది. సాక్షులు కలవడమే చాలదు, ఎక్కడ కలవాలో అక్కడ కలవాలి, ఎక్కడ కలవకూడదో అక్కడ కలవకూడదు.

యూరప్, భారత బృందాలు 25 పల్సార్లతో, అంటే 300 జతలతో ఈ వంపు కోసం వెతికాయి. అమెరికా బృందం 67 పల్సార్లతో, అంటే 2,211 జతలతో వెతికింది. రెండింటికీ ఆ వంపు కనబడింది. ఒక తమాషా ఏమిటంటే, యూరప్ వాళ్ల దగ్గర దాదాపు 25 ఏళ్ల రికార్డులున్నా, మొత్తం కలిపి చూస్తే వంపు మసకగా ఉంది. కొత్త రిసీవర్లతో తీసిన చివరి పదేళ్లవి, మనవాళ్లవి కలిపి చూస్తే ఎక్కువ స్పష్టంగా వచ్చింది. పాత సాక్షి ఎప్పుడూ మంచి సాక్షి కాదు.

మరి దొరికినట్టేనా? ఇక్కడే నేను ఆ రోజు వార్తలు రాసినవాళ్లతో విభేదిస్తాను. కొందరు దొరికింది అనే రాశారు. ఆ బృందాలు అలా అనలేదు. ఆధారం ఉంది అన్నాయి. యూరప్, భారత బృందాల లెక్కలో అలాంటి వంపు కాకతాళీయంగా వచ్చే అవకాశం సుమారు వెయ్యిలో ఒకటి, దీన్ని మూడు సిగ్మా అంటారు. భౌతిక శాస్త్రంలో దొరికింది అనడానికి ఐదు సిగ్మా అడుగుతారు, అంటే సుమారు 35 లక్షల్లో ఒకటి. మన నాణేల లెక్కలో చెప్పాలంటే మూడోవాడి వాటా గోలకు మూడు రెట్లు కావడానికి 90,000 ఎగరవేతలు, ఐదు రెట్లు కావడానికి 2,50,000. వాళ్లు 90,000 దగ్గర నిలబడి, ఇంకా కావాలి అన్నారు. పదిహేనేళ్లు, పాతికేళ్లు ఒకే పని చేసి, చివర్లో అలా అనడానికి ఎంత నిబ్బరం కావాలో, ప్లగ్గు చూడకుండా గైడు దగ్గరికి ఉరికినవాడిగా నాకు తెలుసు.

ఇదే పద్ధతి విశ్వం పటం గీయడానికి కూడా వాడుతున్నారు. దూరపు గెలాక్సీల్లోని హైడ్రోజన్ 21 సెంటీమీటర్ల రేడియో అలను పంపుతుంది. దాని కన్నా మన పాలపుంత గోల వేల రెట్లు ఎక్కువ. 2010లో ఒక బృందం అమెరికాలోని గ్రీన్ బ్యాంక్ టెలిస్కోపు రికార్డును, మామూలు కాంతిలో వేరే టెలిస్కోపు గీసిన గెలాక్సీల పటంతో గుణించి కూడింది. పాలపుంత గోలకు ఆ గెలాక్సీలు ఎక్కడున్నాయో తెలియదు కదా. దాదాపు 700 కోట్ల ఏళ్ల నాటి హైడ్రోజన్ జాడ బయటపడింది. 2020లో మన జీఎంఆర్‌టీతో దీనికి దగ్గరి పద్ధతిలో 7,653 గెలాక్సీల సంకేతాలను ఒకదాని మీద ఒకటి పేర్చి అంత పాత హైడ్రోజన్‌నే చూశారు. విడివిడిగా ఏ గెలాక్సీలోనూ కనబడనంత మసక అది.

పిల్లలూ, మీకొక మాట. 1980 ఫిబ్రవరి 16, శనివారం మధ్యాహ్నం, ఈ ప్రాంతం మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం పోయింది. ఉస్మానియా వాళ్ల జపాల్ రంగాపూర్ అబ్జర్వేటరీకి ఎక్కడెక్కడి శాస్త్రవేత్తలో చూడటానికి వచ్చారు. మమ్మల్ని మాత్రం ఇళ్లల్లో పెట్టి తలుపులేశారు. పెంకుల సందులోంచి వెలుతురు తగ్గడం చూశాను, అంతే. ఆకాశం ఇంటి ముందుకు వచ్చి పోయింది. ఇప్పుడు తలుపులు అలా మూసి లేవు. భారత పల్సార్ బృందం 2022లో 14 పల్సార్ల రికార్డులు అందరికీ అందుబాటులో పెట్టింది. మన బడి కంప్యూటర్ గదిలో కూర్చుని తెరవచ్చు. సందేహమొస్తే నాకు ఫోన్ చేయండి, నాకు తెలియకపోతే తెలిసినవాళ్లను అడుగుదాం.

దానికి ముందు ఒక పని. హెడ్మాస్టరు గారితోనూ లెక్కల సారుతోనూ మాట్లాడాను. తొమ్మిదో తరగతి రెండు సెక్షన్లలో, సెక్షనుకు 25 జతలు. ప్రతి జత వారానికి వంద ఎగరవేతలు. వారానికి సెక్షనుకు 2,500, అంటే 36 వారాల్లో 90,000. రాసుకునే పుస్తకాలు వారం వారం లెక్కల సారు దగ్గరికి పోతాయి. ఒక సెక్షన్ పుస్తకాల్లో మాత్రం ఆయన వందకు ఒకటి చొప్పున ఎంచుకుని, జతలో ఇద్దరికీ ఒకే గుర్తు వేసి, కొట్టివేతలు కనబడకుండా తిరగరాసి ఇస్తారు. ఏ సెక్షన్ అన్నది ఆయనకే తెలుసు, నాకు కూడా చెప్పరు. వచ్చే ఏడాది సంఘం సమావేశానికి మీరే వేదికెక్కి, ఏ సెక్షన్‌లో మూడోవాడున్నాడో, ఆ మాట ఎంత గట్టిగా చెప్పగలరో చెప్పాలి. పుస్తకాలు వంద తెచ్చాను. హెడ్మాస్టరు గారి గదిలో ఉన్నాయి.